దిగ్గజం వచ్చినప్పుడు, వెళ్లినప్పుడు: ఒక కేబుల్ సంస్థ డీవీఆర్ నిర్ణయాల కేస్ స్టడీ

ఈ కేసు అమెరికాలోని ఒక మధ్యస్థాయి కేబుల్ టీవీ సంస్థది. 2001 నుంచి కొన్నేళ్లపాటు ఆ సంస్థకు సెట్‌టాప్ బాక్సుల విషయంలో సలహాదారుగా పనిచేశాను. సంస్థ పేరు, ఊళ్లు, బాక్సులూ సాఫ్ట్‌వేరూ అందించిన సరఫరాదారుల పేర్లు, చందాదారుల సంఖ్య ఇక్కడ ఇవ్వడం లేదు. మార్కెట్లో అందరికీ తెలిసిన సంఘటనలను మాత్రం పేర్లతోనే చెబుతాను. అవి లేకపోతే మా నిర్ణయాల వెనుక ఉన్న తర్కం అర్థం కాదు.

ఒక దిగ్గజం తమ రంగంలోకి అడుగుపెట్టిందని వినగానే చిన్న సంస్థలు ఆ దిగ్గజం పరిమాణాన్ని చూసి నిర్ణయాలు తీసుకుంటాయి. అది వెనక్కి తగ్గిందని వినగానే మళ్లీ అదే కొలతతో ఇంకో నిర్ణయం తీసుకుంటాయి. ఈ కేసులో ఆ దిగ్గజం మైక్రోసాఫ్ట్, ఆ రెండు ప్రమాదాలూ ఏడాది వ్యవధిలోనే ఎదురయ్యాయి.

నేపథ్యం

1999లో టీవో, రీప్లేటీవీ అనే రెండు కొత్త సంస్థలు హార్డ్ డిస్కు ఉన్న డిజిటల్ వీడియో రికార్డర్లను (డీవీఆర్‌లను) మార్కెట్లోకి తెచ్చాయి. వీసీఆర్‌లో టేపు పెట్టి, గడియారం సరిచేసి, చానల్ నంబరు నొక్కి రికార్డు చేసుకునే కాలం నుంచి చూస్తే ఇది చాలా పెద్ద ముందడుగు. తెర మీద కనిపించే కార్యక్రమాల పట్టికలో, అంటే గైడ్‌లో, ఒక ధారావాహికను ఎంచుకుంటే చాలు, ప్రతి వారం దానంతట అదే రికార్డవుతుంది. మధ్యలో ఎవరైనా తలుపు తడితే ప్రత్యక్ష ప్రసారాన్ని ఆపి, వచ్చాక అక్కడి నుంచే చూడవచ్చు. మీరు చూస్తున్న చానల్‌ను బాక్సు ఎప్పుడూ డిస్కు మీద రాస్తూనే ఉంటుంది. ఒక నిడివి నిండగానే పాత భాగాన్ని చెరిపి కొత్త భాగాన్ని రాస్తుంది. తెర మీద కనిపించేది ఆ డిస్కు నుంచి చదివి చూపించేదే.

మైక్రోసాఫ్ట్ అప్పటికే టీవీ వైపు చూస్తోంది. 1997లో టీవీ తెర మీద ఇంటర్నెట్ అందించే వెబ్‌టీవీని సుమారు 42.5 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది కేబుల్ సంస్థ కామ్‌కాస్ట్‌లో 100 కోట్ల డాలర్లు, 1999లో, కేబుల్ వ్యాపారం కూడా ఉన్న టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీలో 500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. 1999లో ఎకోస్టార్ ఉపగ్రహ సేవ కోసం వెబ్‌టీవీ, రికార్డర్ కలిసిన డిష్‌ప్లేయర్ వచ్చింది. 2001 ఆరంభంలో డైరెక్‌టీవీ అనే మరో ఉపగ్రహ సేవ చందాదారుల కోసం అల్టిమేట్‌టీవీని తెచ్చారు. సోనీ, ఆర్‌సీఏ పేర్లతో అమ్మిన ఆ బాక్సుల్లో రెండు ట్యూనర్లు (ఒక్కోటి ఒక చానల్‌ను అందుకునే భాగం), సుమారు 35 గంటల రికార్డింగు, పైగా టీవీలోనే ఇంటర్నెట్. ఒక కార్యక్రమం చూస్తూ ఇంకొకటి రికార్డు చేసుకోవచ్చు, లేదా ఒకేసారి రెండూ రికార్డు చేసుకోవచ్చు. ఆ సమయంలో అది నిజంగా మంచి యంత్రం.

ఉపగ్రహ సంస్థలు ముందుండటానికి సాంకేతిక కారణం కూడా ఉంది. వాళ్ల సంకేతం ఇంటికి చేరేసరికే డిజిటల్‌గా కుదించి ఉంటుంది. బాక్సు దాన్ని యథాతథంగా డిస్కుకు ఎక్కిస్తే సరిపోతుంది. మా క్లయింటు చానళ్లలో జనం ఎక్కువగా చూసేవి ఇంకా అనలాగ్‌లోనే ఉన్నాయి. అనలాగ్ చానల్‌ను డిస్కు మీద రాయాలంటే ముందు బాక్సులోనే డిజిటల్‌గా మార్చి కుదించాలి. అందుకు ప్రతి ట్యూనర్‌కూ విడిగా ఎన్‌కోడర్ చిప్ కావాలి. రెండు ట్యూనర్లంటే రెండు ఎన్‌కోడర్లు. బాక్సు ధర అక్కడే పెరిగిపోయేది.

వచ్చిన సమస్య

క్లయింటు నన్ను పిలిచింది డీవీఆర్ గురించి కాదు, చందాదారులు వెళ్లిపోతున్నారని. కనెక్షన్ తీసేయమని ఫోను చేసినవారిని కాల్ సెంటర్ సిబ్బంది కారణం అడిగి రాసుకునేవారు. మొదట్లో ధర, చానళ్ల సంఖ్య అనే సమాధానాలే ఎక్కువ. 2001 నాటికి ‘రికార్డు చేసే బాక్సు’ అన్న మాట తరచూ కనిపించసాగింది. వినియోగదారులు సాంకేతిక పేర్లు చెప్పలేదు. తమ చుట్టాలింట్లో టీవీని ఆపి మళ్లీ నడిపించడం చూశామని చెప్పారు.

యాజమాన్యంలో మూడు అభిప్రాయాలు ఉన్నాయి. ఆర్థిక విభాగం, మైక్రోసాఫ్ట్ వచ్చింది కాబట్టి మిగతావాళ్లు నిలవరు, బ్రౌజర్ల పోటీలో అది నెట్‌స్కేప్‌ను ఎలా వెనక్కి నెట్టిందో చూశాం, కాబట్టి దాని వేదిక కేబుల్‌కు వచ్చేదాకా ఆగుదాం అన్నది. మార్కెటింగ్ విభాగం ఏదైనా స్వతంత్ర రికార్డర్ సంస్థతో వెంటనే జతకట్టమన్నది. ఇంజనీరింగ్ విభాగం తమకు అలవాటైన బాక్సుల తయారీదారే సొంత రికార్డర్ తెస్తున్నాడు, దానికోసం చూద్దామన్నది.

మొదటి నిర్ణయం: బ్రౌజర్‌తో పోలిక ఎంతవరకు చెల్లుతుంది?

ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించాను. ఆర్థిక విభాగం వాదన అప్పట్లో ఎవరికైనా సబబుగానే తోచేది. మైక్రోసాఫ్ట్ దగ్గర డబ్బుంది, ఇంజనీర్లున్నారు, ఓపిక కూడా ఉంది. అయితే బ్రౌజర్ల విషయంలో దాని అసలు బలం ఇవేవీ కాదు. దాదాపు ప్రతి కొత్త కంప్యూటర్‌లోనూ విండోస్ ఉండేది, దానిలో ఏముండాలో మైక్రోసాఫ్టే నిర్ణయించేది. వినియోగదారుడి ముంగిట ఆ సంస్థే నిలబడి ఉంది.

టీవీలో అలాంటి చోటు దానికి లేదు. ఏ బాక్సు ఇంట్లో పెట్టాలో ప్రసార సంస్థ నిర్ణయిస్తుంది. చానళ్ల ఎన్‌క్రిప్షన్ తాళం ప్రసార సంస్థ చేతిలో ఉంటుంది. బిల్లు ప్రసార సంస్థ పేరుతో వెళ్తుంది. బాక్సు పాడైతే ఫోను వచ్చేది అక్కడికే. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ సంస్థ అయినా ఇక్కడ అద్దెకున్నట్టే, ఇంటి యజమాని మనసు మారితే సామాను సర్దుకోవలసిందే. ఏటీ అండ్ టీలో పెట్టిన 500 కోట్ల డాలర్లను కూడా నేను అలాగే చదివాను. తలుపు తనంతట తెరుచుకోదని తెలిసిన సంస్థే ప్రవేశానికి అంత సొమ్ము పెడుతుంది. పైగా డైరెక్‌టీవీ అదే సమయంలో టీవో సాఫ్ట్‌వేరున్న బాక్సులనూ అమ్ముతోంది. యజమాని ఒకేసారి ఇద్దరితో మాట్లాడుతున్నాడు.

కాబట్టి నా సలహా ఇది: దిగ్గజం కోసం ఆగవద్దు, దాన్ని కాదనవద్దు. ముందు తక్కువ ఇళ్లలో ప్రయోగం చేసి, జనం ఈ యంత్రంతో నిజంగా ఏం చేస్తారో చూద్దాం. సాఫ్ట్‌వేర్ ఎవరిదన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ప్రయత్నించినది, విఫలమైనది

ప్రయోగానికి ఒక సరఫరాదారు నుంచి అన్నీ కలిసిన బాక్సు తీసుకున్నారు. రికార్డింగు, టీవీలో ఇంటర్నెట్, ఈమెయిల్, ఆటలు. మార్కెటింగ్ వాళ్లు దీన్ని గట్టిగా కోరారు. ఉపగ్రహ బాక్సులో ఇంటర్నెట్ ఉంటే మనదానిలో లేకపోవడం చిన్నతనంగా ఉంటుందని వాళ్ల ఆలోచన.

ఇంటర్నెట్‌ను మొదటి కొన్ని రోజులు అందరూ తెరిచి చూశారు, ఆ తర్వాత దాదాపు ఎవరూ ముట్టలేదు. సోఫా దూరం నుంచి అక్షరాలు చదవడం కష్టం, రిమోట్‌తో టైపు చేయడం ఇంకా కష్టం. నష్టం అక్కడితో ఆగలేదు. బాక్సులోని ప్రాసెసర్, మెమరీ రెండూ పరిమితం. వాటిని బ్రౌజర్, గైడ్, రికార్డర్ పంచుకోవాలి. చానల్ మార్చితే తెర మారడానికి ఆలస్యమయ్యేది. రిమోట్ నొక్కితే స్పందన లేక జనం మళ్లీ నొక్కేవారు, రెండు నొక్కులూ కలిసి ఒకేసారి పనిచేసేవి. పాజ్ నొక్కిన మనిషికి ఆగిన బొమ్మ వెంటనే మళ్లీ కదిలేది.

ఇంతకంటే పెద్ద ఫిర్యాదు, రికార్డు కావలసినవి కాకపోవడం. ఒక ఇంటి సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే సమస్య స్వభావం బయటపడింది. ఆ ఇంట్లో రికార్డింగుల జాబితా చూస్తే అంతా సవ్యంగా ఉంది: ధారావాహిక పేరు, తేదీ, నిడివి. తెరిస్తే లోపల గంటసేపు వస్తువుల అమ్మకాల చానల్. ఆ వారం క్లయింటు తన చానళ్ల వరుస మార్చింది. బాక్సు రికార్డింగు ఆదేశాన్ని చానల్ నంబరుతో గుర్తుపెట్టుకుంది. నంబరు అదే, అందులో వచ్చే చానల్ వేరు. ప్రతి చానల్‌కూ మారని గుర్తింపు సంఖ్య ఒకటి గైడ్ సమాచారంలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని వాడలేదు.

రెండో లోపం రాత్రిపూటది. కొత్త సాఫ్ట్‌వేరును హెడ్‌ఎండ్ (ఇళ్లకు సంకేతాలు పంపే కేబుల్ సంస్థ కేంద్రం) నుంచి తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో బాక్సులకు పంపేవారు. అది అందాక బాక్సు ఆగి మళ్లీ మొదలవుతుంది. మామూలు సెట్‌టాప్ బాక్సుకు అది సరైన సమయమే, ఎవరూ చూడరు. కానీ రికార్డర్‌కు ‘ఎవరూ చూడని సమయం’ అనేదే లేదు. జనం నిద్రపోయే వేళ వచ్చే సినిమాల కోసమే దాన్ని తెచ్చుకున్నారు. సగంలో తెగిన సినిమాలు ఒక ఎత్తు, ఆ తర్వాత జరిగేది ఇంకో ఎత్తు. తిరిగి మొదలైన బాక్సు గైడ్ మొత్తం మళ్లీ అందేదాకా రికార్డింగుల పట్టికను సిద్ధం చేసుకునేది కాదు. దాంతో పొద్దున్నే వచ్చే పిల్లల కార్యక్రమాలు కూడా తప్పిపోయేవి. కారణం తెలియని తల్లిదండ్రులు తామే ఏదో తప్పు నొక్కామనుకున్నారు.

ఇంజనీరింగ్ విభాగం ఈ లోపాలను ‘ప్రయోగ దశలో మామూలే’ అన్నది. నేను ఒప్పుకోలేదు. ఫోను సంభాషణ ఒకసారి తెగితే మళ్లీ చేస్తాం. తప్పిపోయిన రికార్డింగు అప్పట్లో పోయినట్టే. ఆ కార్యక్రమం మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వినియోగదారుడు ఈ యంత్రాన్ని నమ్మి తన సాయంత్రాన్ని దానికి అప్పగించాడు. ఆ నమ్మకం పోతే మిగతా హంగులు ఎన్ని ఉన్నా లాభం లేదు.

దిగ్గజం తప్పుకున్నప్పుడు

ప్రయోగం ఇలా సాగుతుండగా 2001 అక్టోబరులో, అల్టిమేట్‌టీవీకి ఆధారమైన డైరెక్‌టీవీని కొనడానికి ఎకోస్టార్ ఒప్పందం ప్రకటించింది. 2002 జనవరిలో మైక్రోసాఫ్ట్ అల్టిమేట్‌టీవీ బృందాన్ని విడదీసి ఇతర విభాగాల్లో కలిపింది. క్లయింటు కార్యాలయంలో మాట వెంటనే తిరగబడింది. దిగ్గజానికే గిట్టుబాటు కాకపోతే ఇది మార్కెట్టే కాదు, ప్రయోగం ఆపేద్దాం అన్నారు. ఆగుదామని నిరుడు చెప్పిన ఆర్థిక విభాగమే ఇప్పుడు మూసేద్దామంటోంది. రెండు సలహాల వెనుకా ఆధారం ఒక్కటే, మైక్రోసాఫ్ట్ ఏం చేసిందన్నది.

నేను వేరే ఆధారం చూపించాను. ప్రయోగం ముగించి బాక్సులు వెనక్కి ఇవ్వమని ఇళ్లకు ఉత్తరాలు పంపితే, ఎక్కువమంది ఫోను చేసి డబ్బు కట్టి అయినా ఉంచుకుంటామన్నారు. ఇన్ని లోపాలున్న బాక్సును, వస్తువుల అమ్మకాల చానల్ రికార్డు చేసిన అదే బాక్సును. ఆ అమ్మకాల చానల్ చూసిన ఇల్లు కూడా అందులో ఉంది. కోరిక అంత బలంగా ఉన్నప్పుడు దిగ్గజం వెళ్లిపోవడం మార్కెట్ గురించి ఏమీ చెప్పదు. ఒక అమరిక గిట్టుబాటు కాలేదని మాత్రమే చెబుతుంది: ప్రసార సంస్థ ఒకరు, సాఫ్ట్‌వేర్ ఒకరు, బాక్సు ఇంకొకరు. ఖరీదైన బాక్సును ముందు వినియోగదారుడు కొనుక్కోవాలి, ఆ పైన నెలనెలా రుసుము కట్టాలి. అందులో వచ్చే ప్రతి డాలరును ముగ్గురూ పంచుకోవాలి.

మా క్లయింటుకు ఆ ఇబ్బంది లేదు. వాళ్లు ఎప్పటినుంచో బాక్సులను అద్దెకే ఇస్తున్నారు. డిస్కున్న బాక్సును కూడా నెలకు పది డాలర్ల లోపు అద్దెతో ఇచ్చి, తమ మనిషే వచ్చి బిగిస్తే, దుకాణంలో వందల డాలర్లు పెట్టి కొనే రికార్డర్‌తో పోటీ ధర దగ్గరే తేలిపోతుంది. కేబుల్ పరిశ్రమలోనూ గాలి అటే వీస్తోంది. 2002లో బాక్సుల తయారీ సంస్థ సైంటిఫిక్ అట్లాంటా ఎక్స్‌ప్లోరర్ 8000 పేరుతో రెండు ట్యూనర్ల కేబుల్ డీవీఆర్‌ను తెచ్చింది, టైమ్ వార్నర్ కేబుల్ దాన్ని అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది.

పనిచేసినది

రెండో విడతలో బాక్సు నుంచి ఇంటర్నెట్, ఈమెయిల్, ఆటలు తీసేశాం. మార్కెటింగ్ వాళ్లను ఒప్పించడానికి నేను వాదన పెంచలేదు. మొదటి విడత వినియోగ లెక్కలు ముందు పెట్టాను, వాళ్లే తీసేయమన్నారు.

తర్వాత ఒక కొలతను అన్నిటికంటే పైన పెట్టాం: తప్పిన రికార్డింగు. రికార్డింగు జరగకపోయినా, మధ్యలో తెగినా బాక్సు ఒక చిన్న కారణ సంకేతాన్ని హెడ్‌ఎండ్‌కు పంపాలి. ట్యూనర్ ఖాళీ లేదు, డిస్కు నిండింది, సంకేతం రాలేదు, బాక్సు మళ్లీ మొదలైంది, గైడ్ మారింది. కార్యక్రమం పేరు పంపకూడదని మొదటే నియమం పెట్టాం. 1984 నాటి కేబుల్ చట్టం చందాదారుల వ్యక్తిగత సమాచారాన్ని వారి అనుమతి లేకుండా సేకరించడాన్ని కట్టడి చేస్తుంది. ఎవరు ఏం చూస్తున్నారన్నది తెలియకుండానే లోపాన్ని పట్టుకోవచ్చు. చట్టం అలా లేకపోయినా నేను ఇదే సలహా ఇచ్చేవాడిని. జనం తమ ఇంట్లో ఏం చూస్తారన్నది వాళ్ల సొంత సంగతి.

ఈ సంకేతాలు ఇచ్చిన మొదటి ఫలితం ఎవరూ ఊహించనిది. సాఫ్ట్‌వేర్ లోపాలను సరిదిద్దాక మిగిలిన వాటిలో అధికభాగం ‘ట్యూనర్ ఖాళీ లేదు’. ఒకే సమయంలో ఇద్దరికి రెండు కార్యక్రమాలు కావాలి. ఖర్చు తగ్గించడానికి ఒక ట్యూనర్ బాక్సు చాలన్న ప్రతిపాదన అంతటితో పోయింది. అయితే రెండు ఎన్‌కోడర్ల ఖర్చు అలాగే ఉంది. ఇక్కడ ఇంజనీరింగ్ విభాగం చేసిన సూచన ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది. ఒక అనలాగ్ చానల్‌కు కేబుల్‌లో 6 మెగాహెర్ట్జ్ జాగా కావాలి. అదే జాగాలో డిజిటల్‌గా అయితే సెకనుకు సుమారు 38 మెగాబిట్లు పంపవచ్చు, అంటే మామూలు నాణ్యతలో సుమారు పది చానళ్లు. జనం ఎక్కువగా చూసే అనలాగ్ చానళ్లకు డిజిటల్ ప్రతిని కూడా అదే కేబుల్‌లో పంపితే, డీవీఆర్ ఆ ప్రతిని తీసుకుని యథాతథంగా డిస్కుకు ఎక్కిస్తుంది. వాడే జాగా కొద్దిపాటిది. ఎన్‌కోడర్ల అవసరం క్రమంగా తగ్గింది, బొమ్మ నాణ్యత కూడా మెరుగైంది. ఉపగ్రహ సంస్థలకు పుట్టుకతో వచ్చిన సౌలభ్యం మాకూ చేరింది.

మిగిలిన మార్పులు చిన్నవే: రికార్డింగు ఆదేశాన్ని చానల్ నంబరుతో కాక గుర్తింపు సంఖ్యతో దాచడం, రికార్డింగు జరుగుతుంటే బాక్సు మళ్లీ మొదలవడాన్ని వాయిదా వేయడం, పట్టికను డిస్కు మీదే ఉంచి మొదలవగానే అందుకోవడం, క్రీడల ప్రత్యక్ష ప్రసారాలు నిర్ణీత సమయం దాటిపోతాయి కాబట్టి వాటికి చివర అదనపు సమయం కలపడం. కాల్ సెంటర్ కాగితాల్లో ‘రికార్డు చేసే బాక్సు’ అన్న కారణం తగ్గుతూ వచ్చింది.

దిగ్గజం మళ్లీ వచ్చినప్పుడు

మైక్రోసాఫ్ట్ 2002 అక్టోబరులో, టీవీని రికార్డు చేయగల విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్‌తో కంప్యూటర్ వైపు నుంచి వచ్చింది. క్లయింటు కంగారు పడలేదు. ఎన్‌క్రిప్షన్ ఉన్న కేబుల్ చానళ్లను ఆ కంప్యూటర్ నేరుగా రికార్డు చేయలేదు, వాటికోసం మా బాక్సునే పక్కన పెట్టుకోవాలి. అసలు ప్రశ్న 2004లో వచ్చింది. కామ్‌కాస్ట్ వాషింగ్టన్ రాష్ట్రంలో మైక్రోసాఫ్ట్ టీవీ ఫౌండేషన్ ఎడిషన్ అనే సాఫ్ట్‌వేరును తన సొంత బాక్సుల్లో ప్రవేశపెట్టింది. ఈసారి దుకాణంలో బాక్సు లేదు, సొంత బిల్లు లేదు, ప్రసార సంస్థ ఇచ్చే బాక్సులో ఒదిగే సాఫ్ట్‌వేర్ మాత్రమే. ఆ సంస్థ పాఠం నేర్చుకుని వచ్చిందనిపించింది, ఆ మాట యాజమాన్యంతో చెప్పాను కూడా.

మారాలా, వద్దా? మారకపోవడానికి బలమైన కారణం సాంకేతికం కాదు. అప్పటికే వేల ఇళ్లలో డిస్కుల నిండా జనం దాచుకున్న రికార్డింగులున్నాయి. సాఫ్ట్‌వేర్ మారిస్తే అవన్నీ నిలుస్తాయని ఎవరూ రాసివ్వలేకపోయారు. మారడానికి బలమైన కారణం కూడా సాంకేతికం కాదు, పేటెంట్లు. ప్రత్యక్ష ప్రసారాన్ని ఆపి వెనక్కి తిప్పే పద్ధతిపై టీవోకు 2001లో పేటెంటు వచ్చింది. 2004 జనవరిలో ఆ సంస్థ ఎకోస్టార్‌పై దావా వేసింది. రేపు మా క్లయింటుపై దావా పడితే ఆదుకునే స్తోమత చిన్న సరఫరాదారుకు లేదు, దిగ్గజానికి ఉంది. డీవీఆర్ విషయంలో దిగ్గజం పరిమాణం నిజంగా లెక్కలోకి రావలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం.

ఉన్న సాఫ్ట్‌వేరునే ఉంచాలని, పేటెంటు దావా వస్తే ఖర్చు భరించే బాధ్యతను బాక్సుల తయారీదారు తీసుకోవాలని నిర్ణయమైంది. తయారీదారు మొదట ఒప్పుకోలేదు. మైక్రోసాఫ్ట్‌తో మాట్లాడుతున్నామని తెలిశాక ఒప్పుకున్నాడు. 2006లో టెక్సస్ జ్యూరీ ఎకోస్టార్‌పై సుమారు 7.4 కోట్ల డాలర్ల పరిహారం విధించినప్పుడు, ఆ షరతు కోసం బేరం సాగదీయడం ఎందుకని అడిగినవారు మళ్లీ అడగలేదు. ఆ వివాదం చివరకు 2011లో 50 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది.

ఇలాంటి స్థితిలో ఉన్నవారికి

దిగ్గజం వార్త వినగానే దాని బలం ఎంత అని కాక, వినియోగదారుడికీ ఉత్పత్తికీ మధ్య ఉన్న తలుపు ఎవరి చేతిలో ఉందో చూడండి. ఇక్కడ అది కేబుల్ సంస్థ చేతిలో ఉంది కాబట్టి నా సలహా పనిచేసింది. తలుపు దిగ్గజం చేతిలోనే ఉన్న రంగాల్లో ఇదే సలహా ముంచేస్తుంది, ఈ కేసును అక్కడికి మోసుకెళ్లవద్దు.

ప్రయోగం చేస్తే, ముగింపులో యంత్రాన్ని వెనక్కి అడిగే దశ తప్పక ఉంచండి. నచ్చిందా అని అడిగితే అందరూ నచ్చిందనే అంటారు. వెనక్కి ఇమ్మన్నప్పుడే అసలు జవాబు వస్తుంది.

2008లో కేబుల్‌విజన్ అనే కేబుల్ సంస్థ కేసులో అప్పీలు కోర్టు, రికార్డింగులను ఇంటి డిస్కులో కాక సంస్థ సర్వర్‌లో దాచే పద్ధతిని అనుమతించాక, క్లయింటు కూడా ఆ దారి పరిశీలించింది. డిస్కు, ట్యూనర్ల తగాదా లేని ఆ వ్యవస్థకు తప్పిన రికార్డింగుల లెక్క ఎందుకని కొత్తగా వచ్చిన ఇంజనీరు అడిగాడు. గైడ్ మారడం, సంకేతం రాకపోవడం సర్వర్‌లోనూ ఉంటాయి, పైగా అక్కడ ఒక లోపం ఒక్క ఇంటిని కాదు, ఊరంతటినీ తాకుతుంది. కారణ సంకేతాల పట్టికలో డిస్కు, ట్యూనర్ వరుసలు కొట్టేసి మిగతావి అలాగే కొత్త ఒప్పందంలో చేర్చారు.